‘గో-అరౌండ్ చేసి ఉండాల్సింది’ అనే ముందు

మంగళూరు, కోజికోడ్. మన దేశంలో ఏ పైలట్ శిక్షణ తరగతిలో కూర్చున్నా ఈ రెండు పేర్లు రాకుండా పోవు. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ 737, మంగళూరులో గుట్ట మీద ఉన్న రన్‌వే దాటిపోయి లోయలో పడింది. 158 మంది చనిపోయారు, 8 మంది బతికారు. పదేళ్ళ తర్వాత, 2020 ఆగస్టు 7 రాత్రి, జోరు వానలో, అదే కంపెనీ విమానం మళ్ళీ దుబాయ్ నుంచే వస్తూ కోజికోడ్ రన్‌వే చివరి నుంచి కిందికి జారి ముక్కలైంది. ఇద్దరు పైలట్లతో సహా 21 మంది పోయారు. రెండు నివేదికల్లోనూ ఒక సంగతి ఉమ్మడిగా ఉంది. పక్క సీట్లో కూర్చున్న ఫస్ట్ ఆఫీసర్ ‘గో-అరౌండ్’ అన్నాడు, అంటే దిగడం మానుకుని మళ్ళీ పైకి లేపమని. కెప్టెన్ చేయలేదు.

పాఠం చెప్పేవాళ్ళు ఇక్కడికొచ్చి గొంతు సవరించుకుంటారు. ‘అనుమానం వచ్చిందా, లేపేయండి. దింపి తీరాలన్న మొండిపట్టు వద్దు’ అంటారు. ఈ మాటతో నాకు పేచీ లేదు, నేనూ చెబుతుంటాను. నా పేచీ అక్కడితో ఆగిపోవడంతో. గో-అరౌండ్‌ను మనం ఒక నిర్ణయంగా, ధైర్యానికో వినయానికో సంబంధించిన విషయంగా చూస్తున్నాం. నాకు కనిపిస్తున్నంతవరకు అది ముందు చేతిపని. చేతికి రాని పనిని మనసు వెంటనే ఒప్పుకోదు, కాసేపు వాయిదా వేస్తుంది. ఆ కాసేపట్లోనే రన్‌వే సగం అయిపోతుంది.

నేను ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, అంటే బయట కనపడకపోయినా పరికరాలు చూసి ఎగిరే అర్హత, అమెరికాలో చేశాను, మన తెలుగు కుర్రాళ్ళు చాలామంది చేసినట్టే. ఇప్పుడు ఎక్కువగా సిమ్యులేటర్‌లో వెనక కూర్చుని ఇతరులు చేసే అప్రోచ్‌లు, అంటే రన్‌వే వైపు దిగుతూ రావడాలు, చూస్తుంటాను. కాబట్టి దీన్ని పెద్ద విమానాల కెప్టెన్ ఉపదేశంగా కాకుండా, నేర్పేవాడి సణుగుడుగా చదువుకోండి.

విమానాలతో పరిచయం లేనివారి కోసం కొంచెం వివరం. మేఘంలో దిగేటప్పుడు బయట ఏమీ కనపడదు. ఐఎల్ఎస్ అనే రేడియో వ్యవస్థ రన్‌వే నడిమి గీత ఎటుందో ఒక సూదితో, దిగాల్సిన వాలు ఎక్కడుందో ఇంకో సూదితో చూపిస్తుంది. ఆ వాలు సాధారణంగా మూడు డిగ్రీలు. రెండు సూదులనూ మధ్యలో నిలబెట్టుకుంటూ వస్తాం. మామూలు క్యాటగిరీ వన్ ఐఎల్ఎస్ అయితే నేలకు 200 అడుగుల ఎత్తు వరకు అలా రావచ్చు. అక్కడికి వచ్చేసరికి అప్రోచ్ లైట్లో రన్‌వేనో కంటపడాలి. పడలేదా, ఇక చర్చ లేదు. పవర్ పెంచి, ముక్కు లేపి, చార్ట్ మీద ముందే గీసిపెట్టిన దారిలో పైకి వెళ్ళిపోవాలి. ఆ దారే మిస్డ్ అప్రోచ్. గో-అరౌండ్ అంటే దిగడం మానుకుని లేపడం. అది ఎండ కాస్తున్నప్పుడైనా, ఏ ఎత్తులోనైనా చేయవచ్చు. లేపిన తర్వాత కొండకో సెల్ టవర్‌కో తగలకుండా వెళ్ళడానికి మిస్డ్ అప్రోచ్ కావాలి.

జెట్ విమానం ఆ వాలులో నిమిషానికి ఏడు వందల అడుగుల పైచిలుకు దిగుతుంటుంది. అంటే 200 అడుగుల దగ్గర నేల ఇంకా పదహారు, పదిహేడు సెకన్ల దూరంలో ఉందన్నమాట. అంతవరకూ ‘దిగుదాం’ అని తయారైన బుర్ర, చేతులు, ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్కల వెనక దించే పలకలు), చక్రాలు అన్నీ ఆ కొద్ది సెకన్లలోనే ‘ఎక్కుదాం’ వైపు తిరగాలి.

ఆ దారి గీసినవాళ్ళ లెక్క కూడా తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే పైలట్లలోనే చాలామంది దీన్ని పరీక్ష కోసం చదివి మర్చిపోతారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పద్ధతిలో, చార్ట్ మీద వేరే అంకె వేయకపోతే, విమానం కనీసం 2.5 శాతం వాలుతో ఎక్కుతుందని అనుకుని అడ్డంకులకు ఎడం లెక్కగడతారు. నాటికల్ మైలుకు దాదాపు 152 అడుగులు. అమెరికావాళ్ళ లెక్కలో అది 200 అడుగులు. రెండు ఇంజన్లూ ఆడుతున్న జెట్‌కు ఇదో లెక్క కాదు. కానీ ఒక ఇంజన్ ఆగిపోయిన రెండింజన్ల జెట్ అప్రోచ్ నుంచి ఎక్కేటప్పుడు సర్టిఫికేషన్ నియమం అడిగేది 2.1 శాతమే! చార్ట్ 2.5 అనుకుంటుంది, విమానం 2.1కే మాట ఇస్తుంది. ఆ తేడాను కంపెనీ పెర్ఫార్మెన్స్ లెక్కలు చూసుకోవాలి, బరువు తగ్గించో, ఇంజన్ పోతే వెళ్ళాల్సిన దారి వేరేగా ఇచ్చో. విశాఖపట్నం లాంటి కొండల ఊళ్ళో దిగేవాళ్ళకు ఇది కాగితం మీది సంగతి కాదు.

ఆ హామీ ఎక్కడి నుంచి మొదలవుతుందో కూడా చూడాలి. చార్ట్‌లో గుర్తుపెట్టిన మిస్డ్ అప్రోచ్ పాయింట్ దగ్గర, మినిమమ్స్ ఎత్తులో, అంటే ఇందాకటి 200 అడుగుల్లాంటి ఆఖరి హద్దులో లేపితేనే ఆ గీత మనది. రన్‌వే సగం దాటాక, యాభై అడుగుల నుంచి లేపితే చార్ట్ పూచీ పడదు. ముందే లేపితే ఎక్కడం వరకు తప్పులేదు, కానీ మిస్డ్ అప్రోచ్ పాయింట్ దాటేదాకా పక్కకు తిరగకూడదు. తొందరపడి తిరిగితే, ఎవరూ అడ్డంకులు కొలవని చోటికి వెళ్తాం.

తరగతుల్లో అంత తరచుగా వినిపించని పేర్లు ఇప్పుడు చెబుతాను.

1992 జూలై 31. థాయ్ ఎయిర్‌వేస్ ఏ310 ఖాట్మండులో దిగబోతోంది. ఫ్లాప్స్ సరిగ్గా పడలేదు. అక్కడ అప్రోచ్ చాలా నిటారుగా ఉంటుంది, ఫ్లాప్స్ తేడాగా ఉంటే దాన్ని నిభాయించడం కష్టం. కాబట్టి దిగడం మానుకున్నారు. ఆ తర్వాత ఫ్లాప్స్ బాగుపడ్డాయి, కానీ మళ్ళీ మొదటి నుంచి రావాలి. కంట్రోలర్‌తో మాటలు ఒక పట్టాన తెగలేదు, కాక్‌పిట్‌లో పని ఎక్కువైంది. విమానం పూర్తి చుట్టు తిరిగి దక్షిణానికి బదులు ఉత్తరానికి, హిమాలయాల వైపు సాగింది. 113 మందీ పోయారు. అప్రోచ్ వదిలేయాలన్న నిర్ణయంలో ఏ దోషమూ లేదు. వదిలేశాక ఎటు వెళ్తున్నామన్నదే తప్పిపోయింది.

2000 ఆగస్టు 23, బహ్రెయిన్. గల్ఫ్ ఎయిర్ ఏ320 రాత్రిపూట గో-అరౌండ్ చేసి సముద్రంలో పడింది. 143 మంది. 2013 నవంబర్ 17, రష్యాలోని కజాన్. బోయింగ్ 737 గో-అరౌండ్ చేసి, పైకి లేచి, ముక్కు కిందికి పెట్టి విమానాశ్రయంలోనే పడింది. 50 మంది. 2016 మార్చి 19, రొస్తోవ్. ఫ్లైదుబాయ్ 737 ఒకసారి గో-అరౌండ్ చేసి, రెండు గంటల వరకు పైన చక్కర్లు కొట్టి, రెండోసారి వచ్చి మళ్ళీ గో-అరౌండ్ చేస్తూ కూలింది. 62 మంది.

వీళ్ళంతా మన పాఠంలో చెప్పినట్టే చేసినవాళ్ళు. మొండిపట్టు పట్టలేదు. దింపడం మానుకున్నారు. లేపడంలో పోయారు.

బహ్రెయిన్, కజాన్, రొస్తోవ్ మూడింటిలోనూ విమానానికి ఏ జబ్బూ లేదు. ఇంజన్లు ఆడుతున్నాయి. జరిగింది మనిషి లోపల. ఆర్టీసీ బస్సు డ్రైవర్ ఉన్నట్టుండి యాక్సిలరేటర్ తొక్కితే వీపు సీటుకు అతుక్కుంటుంది కదా. అదే చీకట్లో, కిటికీలోంచి ఏమీ కనిపించకుండా జరిగితే, బస్సు ముందు భాగం పైకి లేచినట్టు అనిపిస్తుంది. లోపలి చెవికి ముందుకు దూకడానికీ, తల వెనక్కి వాలడానికీ తేడా తెలియదు. ప్రయాణం చివర్లో ఇంధనం చాలావరకు ఖర్చయి జెట్ తేలికై ఉంటుంది. అలాంటప్పుడు ఇంజన్ల బలమంతా, అంటే ఫుల్ థ్రస్ట్ ఇస్తే ఆ తోపు మామూలుగా ఉండదు. ముక్కు మరీ పైకి వెళ్ళిపోతోందని ఒళ్ళంతా చెబుతుంది. చేయి దానంతటదే కంట్రోల్‌ను ముందుకు నెడుతుంది. నెట్టిన కొద్దీ వేగం పెరుగుతుంది, వేగం పెరిగిన కొద్దీ ఆ భ్రమ ముదురుతుంది. రొస్తోవ్‌లో కంట్రోల్ ముందుకు నెట్టడంతో ఆగలేదు, ముక్కు కిందికి పెట్టే ట్రిమ్ స్విచ్ పన్నెండు సెకన్ల పాటు నొక్కే ఉంది.

ముక్కు పైకుందో కిందికుందో చూపే ఆటిట్యూడ్ ఇండికేటర్ కళ్ళ ముందే నిజం చెబుతూనే ఉంటుంది. దాన్ని నమ్మాలని మొదటి నెలలోనే నేర్పుతాం. కానీ గో-అరౌండ్ మొదటి అర నిమిషంలో పైలట్ కళ్ళు దాని మీద ఉండవు. ఫ్లాప్ లివర్ మీద, గేర్ (చక్రాల) లైట్ల మీద, ఎత్తు చూపే గడి మీద, రేడియోలో వస్తున్న కొత్త హెడింగ్ (వెళ్ళాల్సిన దిశ) మీద ఉంటాయి. ఫ్రాన్స్ ప్రమాద పరిశోధన సంస్థ బీఈఏ ఈ సంగతినే తీసుకుని 2013లో ఒక పెద్ద అధ్యయనం ప్రచురించింది. తక్కువ సమయంలో ఎక్కువ పనులు పడటం, ఒకే చోట చూపు ఇరుక్కుపోవడం, అవసరానికి మించిన థ్రస్ట్, మధ్యలో కంట్రోలర్ మాటలు, వీటినే అది ఎత్తిచూపింది. నాకు ముఖ్యమనిపించింది శిక్షణ గురించి అది చెప్పిన మాట. ఎయిర్‌లైన్ సిమ్యులేటర్ పరీక్షల్లో ఏళ్ళ తరబడి చేయిస్తూ వచ్చింది ఒక ఇంజన్ ఆగిపోయినప్పటి గో-అరౌండ్. అందులో థ్రస్ట్ సగమే, అన్నీ నెమ్మదిగా జరుగుతాయి. నిజ జీవితంలో ఎదురయ్యేది రెండు ఇంజన్లూ బ్రహ్మాండంగా లాగుతున్న గో-అరౌండ్. దాని వేగమే మనిషిని తికమక పెడుతుంది.

ఇక దుబాయ్. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి వెళ్ళిన ఎమిరేట్స్ బోయింగ్ 777 రన్‌వేను ఆలస్యంగా తాకింది. పైలట్లు గో-అరౌండ్ మొదలుపెట్టారు. ముక్కు లేపారు, ఫ్లాప్స్ మార్చారు, చక్రాలు పైకి తీశారు. థ్రస్ట్ మాత్రం రాలేదు. గాల్లో ఉండగా టోగా స్విచ్ (గో-అరౌండ్ కోసం నొక్కేది) నొక్కితే ఆటోథ్రాటిల్ దానంతటదే థ్రస్ట్ పెంచుతుంది. కానీ చక్రాలు ఒకసారి నేలను తాకాక ఆ స్విచ్ పనిచేయకుండా డిజైన్ చేశారు. అప్పుడు లివర్లను చేత్తో నెట్టాలి. విమానం 85 అడుగుల వరకు లేచి కూలబడి కాలిపోయింది. లోపలున్న 300 మందీ బయటపడ్డారు, మంటలార్పుతూ ఒక ఫైర్‌మన్ చనిపోయాడు. ఆ ఇద్దరూ చేయి గుర్తుపెట్టుకున్న క్రమాన్నే పాటించారు. ఆ క్రమం గాల్లో మొదలయ్యే గో-అరౌండ్‌ది. నేల తాకాక మొదలైన దానికి అది సరిపోలేదు.

ఇన్ని చావుల జాబితా ఎందుకంటే, ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ వాళ్ళ అంకె ఒకటి అందరూ చెబుతుంటారు. స్థిరంగా లేని అప్రోచ్‌లలో, అంటే వేగమో ఎత్తో వాలో హద్దు దాటి, నియమం ప్రకారం వదిలేయాల్సిన వాటిలో, నిజంగా వదిలేసేవి సుమారు మూడు శాతం. మిగతా 97 శాతం అలాగే దింపేస్తారు. దానికి చెప్పే కారణాలు తెలిసినవే: అహం, అలసట, కంపెనీ ఒత్తిడి, ఇల్లు చేరాలన్న తొందర, పక్కవాడు మాట్లాడలేకపోవడం. మంగళూరు కెప్టెన్ దారిలో చాలాసేపు నిద్రపోయాడని విచారణలో తేలింది. కోజికోడ్ కెప్టెన్ మర్నాడు పొద్దున అక్కడి నుంచే ఇంకో విమానం తీసుకెళ్ళాల్సి ఉంది. ఇవన్నీ ఉన్నవే, కాదనను.

కానీ 97 శాతం మందిలో అహమే ఉందంటే నేను నమ్మలేను. పైలట్లు అంత చెడ్డవాళ్ళేం కాదు. ఇంకో కారణం ఉందంటాను. కొంచెం అస్థిరంగా ఉన్న ల్యాండింగ్ తనకు తెలిసిన పని, రోజూ చేసేది, ఇంతకుముందు కూడా ఏదోలా సర్దుకున్నదే. గో-అరౌండ్ తెలియని పని. చిన్న దూరాలు తిరిగే పైలట్‌కు ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. ఖండాలు దాటేవాళ్ళకు రెండు మూడేళ్ళకు ఒకటి రావడమే ఎక్కువ. తెలిసిన ప్రమాదానికీ తెలియని పనికీ మధ్య ఎంచుకోమంటే మనిషి ఎటు మొగ్గుతాడో చెప్పాలా? అతనికి లేనిది ధైర్యం కాదు, చేతి అలవాటు. కోజికోడ్‌లో 8858 అడుగుల రన్‌వే మీద చక్రాలు తాకింది 4438 అడుగుల దగ్గర. మంగళూరులో 8033లో 5200 దాటాక, అదీ విమానాన్ని ఆపడానికి ఇంజన్ల తోపును ఎదురు తిప్పే రివర్స్ థ్రస్ట్ వేశాక, కెప్టెన్ మళ్ళీ లేపడానికి ప్రయత్నించాడు! చివరికి ఆయనా గో-అరౌండ్ చేయబోయాడు. కాకపోతే ఏ శిక్షణలోనూ ఎవరూ చేయించని చోట, ఏ విమానం మాన్యువల్‌ ఒప్పుకోని సమయంలో.

కోజికోడ్‌లో ఆ రాత్రే అంతకుముందు ఇంకో సంగతి జరిగింది. మొదటి ప్రయత్నంలో రన్‌వే 28 మీద దిగలేక వాళ్ళు మిస్డ్ అప్రోచ్ చేశారు, పద్ధతిగానే. ఆ కెప్టెన్‌కు గో-అరౌండ్ చేసే మనసు లేదని ఎలా అంటాం? అదే రోజు, అదే మనిషి, ఒకసారి చేశాడు. మినిమమ్స్ దగ్గర, చార్ట్‌లో ఉన్నట్టు, ఎదురుచూస్తూ వచ్చిన దాన్ని చేశాడు. రన్‌వే మీద, చక్రాలు తాకే క్షణంలో, ఎదురుచూడనిది వచ్చినప్పుడు చేయలేదు. నా వాదనంతా ఈ తేడా మీదే నిలబడి ఉంది.

శిక్షణలో ఏం జరుగుతుందో చెబుతాను. అమెరికాలో ఇన్‌స్ట్రుమెంట్ విద్యార్థి ప్రాక్టీస్ అప్రోచ్‌కు వెళ్ళేటప్పుడు, కంట్రోలర్ ముందే అడుగుతాడు, ఈ అప్రోచ్ ఎలా ముగిస్తారని. తర్వాత ‘ముగిశాక ఫలానా హెడింగ్, మూడు వేల అడుగులు’ అని సొంత ఆదేశం ఇచ్చేస్తాడు. ఆయన తప్పు లేదు, వెనక ఇంకో నాలుగు విమానాలున్నాయి. దానివల్ల చార్ట్ మీద ఉన్న అసలు మిస్డ్ అప్రోచ్, ఫలానా వీఓఆర్‌కు (నేల మీది రేడియో కేంద్రానికి) తిరిగి అక్కడ హోల్డ్ చేయాలన్నది, అంటే చక్కర్లు కొడుతూ ఆగాలన్నది, విద్యార్థి చదువుతాడు, బ్రీఫింగ్‌లో వల్లె వేస్తాడు, ఎగరడు. హెడింగ్ తిప్పి, నిమిషంలో రెండో అప్రోచ్‌కు లైన్ కడతాడు. నేను చదివిన చోట కూడా ఇదే తంతు. విమానం అద్దె ఇంజన్ తిరిగిన గంటకు లెక్క. హోల్డింగ్‌కు పోయి చక్కర్లు కొడితే డబ్బు కరుగుతుంది. ఊళ్ళో పొలం తాకట్టు పెట్టి పంపిన నాన్న గుర్తొస్తాడు. ఇన్‌స్ట్రక్టర్ ‘సరే, దీని సంగతి తెలుసు కదా, ఇంకో ఐఎల్ఎస్ చేద్దాం’ అంటే ఏ కుర్రాడు వద్దంటాడు?

చిన్న విమానాల్లో వాడే పాత గార్మిన్ 430 జీపీఎస్‌లో ఒక తిరకాసు ఉంది. మిస్డ్ అప్రోచ్ పాయింట్ దాటగానే అది తనంతట తాను తర్వాతి పాయింట్‌కు వెళ్ళదు. సస్పెండ్ అని చూపిస్తూ ఆగుతుంది. ఓబీఎస్ బటన్ నొక్కితేనే మిస్డ్ అప్రోచ్ దారి చూపిస్తుంది. బటన్ మరిచిపోతే సూది నిటారుగా ముందుకే చూపిస్తూ, అంతా బాగానే ఉందన్నట్టు మధ్యలో నిలబడి ఉంటుంది. కంట్రోలర్ ఇచ్చిన హెడింగ్ మీద ఎప్పుడూ వెళ్ళిపోయేవాడికి ఈ బటన్ అవసరమే పడదు. రేడియో పోయి, మేఘంలో, కొండల పక్కన మొదటిసారి అవసరమైనప్పుడు వాడి వేలు దాన్ని వెతుక్కుంటుంది.

నియమాలు కూడా ఈ అలవాటుకు తోడయ్యాయి. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ లెక్కలో ఇన్‌స్ట్రుమెంట్ పైలట్ అనిపించుకోవాలంటే గడచిన ఆరు నెలల్లో ఆరు అప్రోచ్‌లు చేసి ఉండాలి, హోల్డింగ్ చేసి ఉండాలి, రేడియో దారి పట్టుకుని వెళ్ళడం చేసి ఉండాలి. మిస్డ్ అప్రోచ్ ఊసు ఆ జాబితాలో లేదు. రేటింగ్ పరీక్ష రోజున అడుగుతారు. ఆ తర్వాత ఎన్నేళ్ళు ఎగిరినా, ఆరు ఐఎల్ఎస్‌లు చేసి ఆరుసార్లూ దిగిపోయినవాడు చట్టం కళ్ళకు నిఖార్సైన ఇన్‌స్ట్రుమెంట్ పైలట్.

సిమ్యులేటర్‌లో నేను చూసేది ఇది. మినిమమ్స్ దగ్గర గో-అరౌండ్ చక్కగా చేసే మనిషిని తీసుకోండి. 1200 అడుగుల దగ్గర, అన్నీ సవ్యంగా ఉండగా, ‘రన్‌వే మీద విమానం ఉంది, గో-అరౌండ్, 2000 అడుగులు మెయింటైన్ చేయండి’ అని టవర్ గొంతుతో అంటాను. అప్పటికి వాడు ఎక్కాల్సింది ఎనిమిది వందల అడుగులే. ఫుల్ థ్రస్ట్ ఇస్తే జెట్‌లో అది పాతిక సెకన్ల పని. ఆ పాతిక సెకన్లలో ఫ్లాప్స్, గేర్, రేడియో జవాబు, ఆటోపైలట్ మోడ్, మళ్ళీ లెవెల్ అవడం. దాదాపు అందరూ 2000 దాటేస్తారు. కొందరు దాన్ని పట్టుకోవాలని ముక్కును గట్టిగా కిందికి నెడతారు. బహ్రెయిన్, రొస్తోవ్‌ల గురించి అప్పటిదాకా చేతులు కట్టుకుని విన్నవాళ్ళే ఇది చేస్తారు. కొత్త విమానాల్లో కొంత ఉపాయం ఉంది, 737 తాజా రకాల్లో టోగా ఒకసారి నొక్కితే మితమైన థ్రస్ట్ వస్తుంది, రెండోసారి నొక్కితేనే పూర్తిది. తెలిసినవాళ్ళూ కంగారులో రెండుసార్లు నొక్కుతారు.

ఇదే వ్యక్తి పది పన్నెండు రకాల ఎత్తుల నుంచి లేపడం అలవాటు చేసుకున్నాక చూస్తే ఇంకో మార్పు కనిపిస్తుంది, నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఇదే. లేపమని నేను చెప్పకముందే వాడే లేపేస్తాడు. ధైర్యం గురించి నేను ఒక్క మాటా చెప్పి ఉండను. అవతలి వైపు ఏముందో చేతులకు తెలిసింది కాబట్టి మనసు అడ్డుపడటం మానేసింది.

బయటి లోకం కూడా ఇక్కడ కొంత పాపం మోస్తుంది. సంక్రాంతి ముందర గన్నవరంలో పొగమంచు కమ్మితే హైదరాబాద్ నుంచి వచ్చిన విమానం కాసేపు చక్కర్లు కొట్టడమో, వెనక్కి పోవడమో ఏటా జరిగేదే. సాయంత్రానికి టీవీలో ఎర్రటి అక్షరాల్లో ‘విమానానికి తప్పిన పెను ప్రమాదం’. మా బాబాయి ఫోన్ చేస్తాడు: “ఏరా, మీవాళ్ళకి దింపడం రాదా? నేల దాకా తెచ్చి మళ్ళీ లేపాడంట. మీ పిన్నికి బీపీ పెరిగిపోయింది.” దింపి ఉంటేనే ప్రమాదం బాబాయ్, లేపాడు కాబట్టి ఏమీ కాలేదు అంటే, “ఆ, నువ్వు వాళ్ళ తరఫునే మాట్లాడతావులే” అంటాడు. ఈ మాటలు ప్రయాణికులవైతే సరే. ఎయిర్‌లైన్‌లలో ఇప్పుడు గో-అరౌండ్ చేసినందుకు ఎవరినీ నిలదీయకూడదన్న విధానం ఉన్నా, దిగాక తలుపు దగ్గర నిలబడి ప్రయాణికుల చూపులు భరించాల్సింది పైలటే. నాకు తెలిసిన ఒక ఫస్ట్ ఆఫీసర్ అంటాడు, గో-అరౌండ్ తర్వాత చేసే అనౌన్స్‌మెంటే తనకు టెన్షన్ అని. అది కూడా ముందే రాసుకుని సాధన చేయాల్సిన పనే.

నా వాదనకు ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని పక్కన పెట్టలేను. లేపడం అంత తేలికైతే, మళ్ళీ మళ్ళీ లేపుతూ ఇంధనం అయిపోగొట్టుకోరా? 2015 ఆగస్టులో దోహా నుంచి కొచ్చి వచ్చిన జెట్ ఎయిర్‌వేస్ 737 సరిగ్గా ఆ అంచు దాకా వెళ్ళింది. మబ్బూ మంచూ కమ్మిన కొచ్చిలో పలుమార్లు ప్రయత్నించి, తిరువనంతపురం వెళ్ళి, అక్కడా దిగలేక మళ్ళీ మళ్ళీ లేచి, చివరికి ట్యాంకులు దాదాపు అడుగంటాక నేల తాకింది. అక్కడ గో-అరౌండ్‌లలో దేన్నీ తప్పు పట్టలేం. మొదటిది అయ్యాక వేసుకోవాల్సిన ప్రశ్న వేసుకోలేదు: ఇప్పుడు కనపడనిది పది నిమిషాల తర్వాత ఎందుకు కనపడుతుంది? ఇంకెంత ఇంధనం ఉండగా ఇక్కడి నుంచి కదలాలి? నేను నేర్పే మిస్డ్ అప్రోచ్ హోల్డింగ్‌కు చేరాక ఈ రెండు ప్రశ్నలకూ జవాబు బయటికి చెబితేనే పూర్తయినట్టు. కుర్రాళ్ళకు ఇది అన్నిటికంటే విసుగు. విమానం లెవెల్ అయింది, బతికాం, ఇక అయిపోయిందనుకుంటారు.

కాబట్టి నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఇందాక చెప్పిన ఆరు నెలల లెక్కలో అప్రోచ్‌లతో పాటు, చార్ట్‌లో ఉన్నది ఉన్నట్టు హోల్డింగ్ దాకా ఎగిరిన మిస్డ్ అప్రోచ్‌లు కూడా ఉండాలి. సిమ్యులేటర్‌లో అన్ని ఇంజన్లూ ఆడుతుండగా, మినిమమ్స్‌కు చాలా పైనుంచి ఒకటి, రన్‌వే మీద చక్రాలు తాకాక ఒకటి తప్పనిసరి కావాలి. ఇలాంటి శిక్షణ కొన్ని చోట్ల ఇప్పటికే ఉంది, చిన్న స్కూళ్ళకు మాత్రం ఇంకా చేరలేదు.

నియమాలు మారేదాకా నా దగ్గరికి వచ్చేవాళ్ళతో వాళ్ళు చేసిన మిస్డ్ అప్రోచ్‌లను లాగ్‌బుక్ రిమార్క్స్ గడిలో రాయిస్తున్నాను. తోటి ఇన్‌స్ట్రక్టర్ ఒకాయన దీన్ని ఎగతాళి చేశారు. ఇంకో అంకె పెడితే ఇంకో అబద్ధం రాస్తారు, ఆరు అప్రోచ్‌లు ఎలా రాస్తున్నారో మనకు తెలియదా అన్నారు. ఆయన మాటలో నిజం ఉంది. అందుకే ఎన్ని చేశారన్నది రాయించడం మానేశాను. ఏ ఎత్తులో మొదలైంది, ఎవరు ముందు అన్నారు, ఏ పాయింట్ దాకా ఎగిరారు, పైకి చేరేసరికి ఎంత ఇంధనం మిగిలింది అని నాలుగు ముక్కలు రాయమంటున్నాను. అబద్ధం రాసేవాడు కూడా వాటిని కల్పించాలంటే ఆ చార్ట్ తెరిచి చూడాలి.